నమూనా గొట్టం

"సంతకం పెట్టేదాకా ఈ ఇంట్లో ముద్ద ముట్టనంటే ముట్టను," అన్నాడు బావమరిది. నిన్న పొద్దుటినుంచీ ఈ మాట ఎన్నిసార్లన్నాడో అతనికే లెక్క తెలియదు.

హాల్లో ఉన్న ఒకే ఒక్క చేతుల కుర్చీ అతని కింద ఉంది. ఇంటాయన అయిన ఫైర్ స్టేషన్ స్టోరు కీపరు నేల మీద కూర్చుని బూట్ల తాళ్ళు బిగించుకుంటున్నాడు.

"టీ తాగావు కదరా," అన్నాడు తల ఎత్తకుండా.

"టీ అన్నం కాదు కదా బావా."

"ఆరుసార్లు తాగావు."

"అక్క పోసింది. వద్దంటే బాధపడుతుందని తాగాను."

వంటింట్లో గిన్నె ఒకటి ఠంగుమంది. జారి పడలేదు, కావాలని పెట్టిందే. తమ్ముడు తినకపోతే అక్క తినదు. అమ్మ తినకపోతే కూతురు తినదు. అల్లుడు డ్యూటీ మీద స్టేషనులోనే ఉండిపోయాడు. రెండు రోజులుగా ఆ ఇంట్లో అన్నం తిన్నవాడు స్టోరు కీపరు ఒక్కడే. కాబట్టి తప్పు చేసినవాడూ అతనొక్కడే.

"ఇవాళ పదో రోజు బావా. సాయంత్రం ఐదింటిలోగా నువ్వు వద్దని రాసివ్వకపోతే నా గొట్టాలు మీరు తీసుకున్నట్టే. టెండరు కాగితంలో ఉంది. నువ్వు సంతకం పెట్టినా అంతే, పెట్టకపోయినా అంతే."

"అంతే అయితే ఈ పస్తులెందుకు?"

బావమరిది కాస్త సర్దుకుని కూర్చున్నాడు. "సంతకం లేని సరుకుని రేపు ఎవడైనా కదుపుతాడు. నీ సంతకం ఉన్నదాన్ని ఎవడూ కదపడు. నీ సంతకానికి ఆ పేరుంది."

"ఆ పేరు నీకు అరువు కావాలి."

"అయినవాళ్ళ దగ్గర కాక ఇంకెక్కడ అడుగుతారు?"

స్టోరు కీపరు రెండో బూటు ముడి వేశాడు. అది బిగుసుకుపోయింది. విప్పి మళ్ళీ వేశాడు.

ఫైర్ స్టేషన్ స్టోరుకి అరవై గొట్టాలు వచ్చి పది రోజులైంది. నీళ్ళ బండి వెనకాల చుట్టలు చుట్టి ఉంటాయే, ఆ గొట్టాలు. వచ్చిన రోజే ఒకదాని మూతిలో వేలు పెట్టి లోపలి రబ్బరు గీరాడు. గోరు దిగింది. ఆరు గొట్టాలు తీసి పంపుకి బిగిస్తే, ప్రెషరు సగానికి ఎక్కకముందే మూడు సొరకాయల్లా ఉబ్బాయి, ఒకటి నిలువునా చీలింది.

చీలితే ఏం? పక్కన పెట్టడానికి ముద్ర ఉన్న నమూనా లేదు. టెండరు వేసినప్పుడు సరఫరాదారు ఒక గొట్టం నమూనాగా ఇస్తాడు. దాన్ని గుడ్డ సంచిలో పెట్టి, ముగ్గురు సంతకాలు చేసి, లక్క ముద్ర వేసి ఇనప బీరువాలో దాస్తారు. సరుకు వచ్చాక ఆ ముద్ర నలుగురి ఎదుట విప్పి, రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. అలా చూస్తేనే చూసినట్టు. లేకపోతే కళ్ళారా చూసిందీ చూడనట్టే.

బీరువాలో నమూనా గొట్టం ఉంది. దాని ముద్రే లేదు. ఆ ముద్ర పగలగొట్టింది స్టోరు కీపరే.

మూడు నెలల కిందట పాత గుడ్డల గోదాము తగలబడినప్పుడు అతని అల్లుడు ఇంకో మనిషితో లోపలికి వెళ్ళాడు. పొగలో కళ్ళు పనిచెయ్యవు. నీళ్ళతో బిగిసిన గొట్టాన్ని తడుముకుంటూ వెళ్ళినవాడు మళ్ళీ దాన్నే తడుముకుంటూ బయటికి రావాలి. బయట గొట్టాలు రెండు పగిలిపోయాయి. బండిలో ఇంకోటి లేదు. స్టోరు కీపరు బీరువా తెరిచి, లక్కని తాళం చెవితో పొడిచి, సంచి చింపి, గొట్టం భుజాన వేసుకుని రెండు వీధులు పరుగెత్తాడు. ఆ గొట్టం నిలబడింది. ఇద్దరూ దాన్ని పట్టుకునే బయటికి వచ్చారు.

మర్నాడు దాన్ని కడిగాడు, ఆరేశాడు, చుట్ట చుట్టి యథాస్థానంలో పెట్టాడు. చీపురు విరిగినా పుస్తకంలో రాసే మనిషి, ఇది మాత్రం రాయలేదు. అల్లుణ్ణి కాపాడుకోవడానికి సర్కారు ముద్ర పగలగొట్టాడన్న మాట వస్తుందని సిగ్గుపడ్డాడు. భార్యకి ఒక్కతెకే చెప్పాడు.

ఆవిడ తమ్ముడికి చెప్పింది.

"ఇంటిగుట్టు లంకకు చేటన్నారు," అన్నాడు స్టోరు కీపరు వంటింటివైపు తిరిగి.

భార్య గుమ్మంలోకి వచ్చింది. కొంగుతో చేతులు తుడుచుకుంటోంది. తడి ఎప్పుడో ఆరిపోయింది, తుడవడం మాత్రం ఆగలేదు.

"గుట్టనుకుని చెప్పానా? గొప్పనుకుని చెప్పాను. మా ఆయన ఇలాంటివాడురా అని చెప్పుకున్నాను. ముప్పై ఏళ్ళలో మీ గురించి గొప్పగా చెప్పుకోడానికి నాకు దొరికింది ఆ ఒక్కటే."

స్టోరు కీపరు బూటు ముడి మళ్ళీ తడుముకున్నాడు.

"అయినా మా తమ్ముడు ఏం దొంగతనం చేశాడండీ? ఊరంతా అలాగే తెచ్చిస్తున్నారు."

"అదీ మాట!" బావమరిదికి ఊపిరి వచ్చింది. "తక్కువ ధర రాసినవాడికే ఇస్తామన్నది మీరా నేనా? పిండి కొద్దీ రొట్టె బావా. ఆ ధరకి అంతకన్నా గట్టి గొట్టం భూమ్మీద దొరకదు. నేను కాకపోతే ఇంకొకడు ఇంతకన్నా పల్చంది తెస్తాడు."

"మరి నమూనా అంత గట్టిది ఎలా ఇచ్చావు?"

"నమూనా అన్నాక మంచిదే ఇస్తారు. పెళ్ళిచూపులకి ఎవరైనా చిరిగిన చొక్కా వేసుకెళ్తారా?"

నవ్వబోయాడు. వెనక గదిలోంచి కూతురు వచ్చి తల్లి పక్కన నిలబడింది. ఆమె చేతిలో మొగుడి ఖాకీ చొక్కా ఉంది, సూది ఇంకా దానికే వేలాడుతోంది.

"మామయ్యా, రేపు ఆ చిరిగిన చొక్కా వేసుకుని మంటలోకి వెళ్ళేది మా ఆయన."

"అబ్బ, రోజూ తగలబడతాయిటే ఊళ్ళో?"

"తగలబడిన రోజే కదా కావలసింది."

బావమరిది కిటికీలోంచి బయటికి చూశాడు. స్టోరు కీపరు లేచి నిలబడి తాళాల గుత్తి నడుముకి తగిలించుకున్నాడు.

"లే. స్టేషనుకి రా."

"సంతకానికేనా?"

"నీ గొట్టం ఓసారి నువ్వే పట్టుకుని చూద్దువుగాని."

స్టేషను వెనక ఆవరణలో అల్లుడు పంపు దగ్గర నిలబడ్డాడు. స్టోరు కీపరు కొత్త చుట్టల్లోంచి ఒకటి తెచ్చి బిగించి, ఇత్తడి మూతి బావమరిది చేతుల్లో పెట్టాడు. అతను దాన్ని పాము మెడ పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకున్నాడు.

"కాళ్ళు ఎడంగా పెట్టండి," అన్నాడు అల్లుడు. "చంకలో బిగించండి. వదిలితే మటుకు అది మిమ్మల్ని వదలదు."

"నాకు చెప్పకు. ఇలాంటివి వెయ్యి అమ్మాను."

"అమ్మారు. పట్టుకోలేదు కదా."

పంపు మోగింది. పడి ఉన్న గొట్టం లేచి బిగుసుకుంది. మీటరులో ముల్లు సగానికి వస్తుండగా బావమరిది మోకాలి పక్కన చిన్న బుడిపె లేచింది. నిమ్మకాయంత. చూస్తుండగానే బత్తాయంత అయింది. అతను దానివైపు చూశాడు, పంపువైపు చూశాడు. చేతిలోది విసిరేసి పరుగెత్తాడు.

గొట్టం మెలికలు తిరిగింది. ఇత్తడి మూతి గోడకి తగిలి ఇటుక పెచ్చు లేచిపోయింది. అల్లుడు పంపు ఆపేలోగా బుడిపె పగిలి, నీళ్ళు చెట్టంత ఎత్తు లేచి, పారిపోతున్నవాడి నెత్తిమీదే పడ్డాయి.



"మీటరు పాతది," అన్నాడు బావమరిది ముక్కులోంచి నీళ్ళు చీదుతూ. "ప్రెషరు ఎక్కువ పెట్టేశారు."

"లోపల మంటకి మీటరుండదండీ," అన్నాడు అల్లుడు. అంతకు మించి అనలేదు. తుండుగుడ్డ తెచ్చి ఇచ్చాడు.

స్టోరు కీపరు బీరువాలోంచి నమూనా గొట్టం తెచ్చి అదే పంపుకి బిగించాడు. ముల్లు సగం దాటింది, ముప్పావు దాటింది, ఎక్కాల్సిన గీత దాకా వెళ్ళింది. గొట్టం కదలకుండా దుంగలా పడి ఉంది. ఒక మంటని చూసి వచ్చిన గొట్టం అది.

"ఇదే నువ్విచ్చింది. ఇప్పుడేమంటావు?"

బావమరిది తల తుడుచుకుంటూ దాన్ని చాలాసేపు చూశాడు. ఆ తర్వాత వచ్చిన మాట వ్యాపారిది.

"ఇది నాదేనని ఎవరు చెప్పాలి బావా? ముద్రేదీ?"

తడిబట్టలతోనే ఇంటికి పోయి, మళ్ళీ అదే కుర్చీలో కూర్చున్నాడని గంట తర్వాత కూతురు ఫోను చేసి చెప్పింది.

కొనుగోళ్ళ అధికారి గదిలో గోడ గడియారం మూడున్నర చూపిస్తోంది. అధికారి చెడ్డవాడేం కాదు. ఏ కాగితమూ తన బల్లమీద రాత్రి నిద్ర చెయ్యకూడదన్నది ఆయన సిద్ధాంతం. కొన్నిటిని అందుకే అసలు బల్ల ఎక్కనివ్వడు.

స్టోరు కీపరు రాసి తెచ్చిన కాగితం ముందు పెట్టాడు. మూడుసార్లు కొట్టేసి రాసిన కాగితం. అరవై గొట్టాలూ వద్దని రాశాడు. కారణం రాశాడు. ముద్ర పగలగొట్టింది తనేనని, ఏ రోజు, ఎందుకు, పుస్తకంలో ఎక్కించకపోవడం తన తప్పేనని, అన్నీ రాశాడు.

అధికారి చదివి కళ్ళజోడు తీశాడు.

"నీకేమైనా పిచ్చి పట్టిందా? లక్క నా సొరుగులో ఉంది. సీలూ ఉంది. ఒక్క అగ్గిపుల్ల చాలు కదయ్యా."

"సంచి మీద మూడు సంతకాలుండేవి సార్. చిరిగింది."

"కొత్త సంచి. ముగ్గురిలో ఒకణ్ణి నేనే. మిగతా ఇద్దరూ నేనేం చెబితే అది."

"మా బావమరిదికి తెలుసు సార్."

అధికారి కుర్చీలో వెనక్కి వాలాడు. "అతను నీకు బావమరిదా?"

"టెండరు రోజునే రాసిచ్చాను సార్. సరఫరాదారు నా భార్య తమ్ముడు, ఈ సరుకు చూడ్డానికి ఇంకొకర్ని వెయ్యండి అని. ఎంచుకునేది నువ్వు కాదు కదా, వచ్చాక చూసుకునేవాడివేగా అన్నారు మీరు. ఆ కాగితం ఫైల్లోనే ఉంది."

"ఫైల్లో ఉంటే ఉండనీ, ఇప్పుడెందుకు కదపడం!" అధికారి తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఇదిగో చూడు. ఇది నేను తీసుకున్నాననుకో. ముద్ర పగలగొట్టినవాణ్ణి ముందు సస్పెండు చెయ్యాలి. సస్పెండైనవాడు సరుకు వద్దంటే చెల్లదు. అంటే నీ ఉద్యోగమూ పోయె, క్వార్టర్సూ పోయె, గొట్టాలు మాత్రం బండెక్కె. ఎవరికి లాభం? అందుకని ఇది నేను చూడలేదు. రేపు రా, తీరిగ్గా ఆలోచిద్దాం."

"రేపు పదకొండో రోజు సార్."

"అదే కదయ్యా నేను చెప్పేది."

స్టోరు కీపరు కాగితం తీసుకోలేదు, లేవలేదు. అధికారి వేరే ఫైలు తెరిచాడు. నాలుగైంది. అధికారి మంచినీళ్ళు తాగాడు. నాలుగుంపావు అయింది.

"ఎంతసేపు కూర్చుంటావు?"

"ఐదుదాకా సార్. అందిందని స్టాంపు వేస్తే ఇప్పుడే పోతాను."

"మీ ఇంట్లో అందరికీ కుర్చీలు పట్టుకుని కూర్చోవడం అలవాటనుకుంటా."

ఈ సంగతి ఈయనకెలా తెలిసింది? బావమరిది ముందే వచ్చి చెప్పి ఉంటాడు. స్టోరు కీపరుకి ఒళ్ళు మండింది. ముప్పై ఏళ్ళు వచ్చిన ప్రతి బోల్టూ తూచి, కొలిచి, రాసిన మనిషి. కళ్ళముందు చీలిన గొట్టాన్ని చీలిందని రాయడానికి ఒక స్టాంపు పుట్టడం లేదు.

నాలుగూ నలభైకి తలుపు తోసుకుని అతని భార్య వచ్చింది. వెనకాలే బావమరిది. బావగారి చొక్కా తొడుక్కున్నాడు, చేతులు వేళ్ళదాకా దిగి వేలాడుతున్నాయి.

"చెప్పరా," అంది ఆవిడ. "దారిలో నాతో అన్నది ఇక్కడను."

బావమరిది అధికారికి నమస్కారం పెట్టి, బావ పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"సరుకు వెనక్కి తీసుకుంటానని నేనే రాసిస్తాను బావా. నేను రాస్తే నమూనాతో పనిలేదు, ముద్రతో పనిలేదు. అంతేగా సార్?"

అధికారి ముఖం దీపం పెట్టినట్టు వెలిగింది. "అంతే! ఇంతకన్నా శుభ్రమైన దారి ఏముంది? నెల గడువిస్తాం, మార్చి తెచ్చెయ్."

స్టోరు కీపరు బావమరిది వైపు తిరిగాడు. పొద్దుటి నుంచీ మొదటిసారి అతని ముఖంలోకి చూశాడు. అక్కడ భయం ఇంకా ఆరలేదు. గోడ మీద లేచిన పెచ్చు అతనికి గుర్తుంది.

"కానీ బావా, నువ్వు ఆ కాగితం చింపెయ్యాలి."

"ఎందుకు?"

"నీ కోసమే. ఉద్యోగం ఉంటుంది. ఇల్లుంటుంది. అక్క రోడ్డున పడదు. ముద్ర సంగతి మన మధ్యే ఉండిపోతుంది."

అధికారి అప్పుడే తెల్లకాగితం తీసి బల్లమీద పెట్టాడు. భార్య మొగుడివైపు చూసింది. ఆ చూపులో ఒకటే అడిగింది. చింపెయ్యండి. రెండు రోజులుగా అన్నం లేని చూపు అది.

స్టోరు కీపరు చెయ్యి కాగితం మీదికి వెళ్ళింది. అల్లుడు బతుకుతాడు. ఇల్లు నిలుస్తుంది. చింపడానికి ఎంత బలం కావాలి కనక?

అక్కడే ఆగిపోయింది చెయ్యి.

"నెల తర్వాత ఇంకో అరవై తెస్తావు," అన్నాడు నెమ్మదిగా. "వాటి పక్కన ఏ నమూనా పెట్టాలిరా?"

బావమరిది బల్లమీది కలం అందుకున్నాడు.

"అప్పుడూ ముద్ర ఉండదు. అప్పుడూ సంగతి మన మధ్యే ఉంటుంది. అప్పుడూ నువ్వొచ్చి నా కుర్చీలో కూర్చుంటావు."

"అంత నమ్మకం లేదా బావా నా మీద?"

"నమ్మకం కోసమే ఆ సంచి మీద ముగ్గురు సంతకాలు పెట్టారు."

అధికారి గడియారం చూసి గొంతు సవరించుకున్నాడు. "తొందరగా తేల్చండి. పదమూడు నిమిషాలుంది."

భార్య ముందుకు వచ్చింది. "అదిలా ఇవ్వండి," అంటూ మొగుడి చేతికింద నుంచి కాగితం లాక్కుంది. చింపేస్తుందనే అందరూ అనుకున్నారు. బావమరిదైతే కలం మూత కూడా తీశాడు.

ఆవిడ చింపలేదు. కిటికీ దగ్గరికి పోయి, వేలు పెట్టి ఒక్కో వరుసా చదివింది. చాలాసేపు పట్టింది. కొట్టేసిన ముక్కలు కూడా చదివింది.

"ఇందులో ఒక మాట లేదు," అంది.

"ఏది?"

"ముద్ర సంగతి తమ్ముడికి చెప్పింది నేనని. అది పట్టుకుని వాడు రెండు రోజులు నా ఇంట్లో కూర్చుని మిమ్మల్ని బెదిరించాడని."

"అక్కా!"

"బెదిరింపేగా అది? ఇవాళ నీ బట్టలు పిండుతుంటే తెలిసింది నాకు. అప్పటిదాకా అలిగావనుకున్నాను. నువ్వు తినలేదని నేనూ తినలేదు చూడు, అంత తెలివితక్కువదాన్ని."

అధికారి లేచి నిలబడ్డాడు. "అమ్మా, ఆ మాట రాస్తే వేరే కథ. సరుకు చూసేవాణ్ణి సరఫరాదారు బెదిరించాడని కాగితం వస్తే, నేను స్టాంపు వెయ్యకుండా కూర్చోలేను. ఇతనికి మళ్ళీ ఏ ఆఫీసులోనూ టెండరు రాదు. ఆలోచించుకోండి, సొంత తమ్ముడు."

"ఆలోచించుకునేది నేను కాదండీ, వాడు." ఆవిడ తెల్లకాగితం తమ్ముడి ముందుకి జరిపింది. "చింపమనకుండా, ఏ మెలికా పెట్టకుండా, వెనక్కి తీసుకుంటానని రాస్తావా? లేక ఈ మాట ఈయన చేత రాయించమంటావా?"

"వాడేం రాసినా నా కాగితం చినగదు," అన్నాడు స్టోరు కీపరు. "నే చేసింది నాదే. అది లోపలికి పోవలసిందే."

ఆవిడ మొగుడివైపు తిరిగింది. క్వార్టర్సు, ఉద్యోగం, మిగిలిన ఏళ్ళు, అన్నీ ఒక్కసారి ఆవిడ కళ్ళముందు తిరిగినట్టున్నాయి.

"తెలుసు," అంది.

బావమరిది కలం పట్టుకున్నాడు. చొక్కా చెయ్యి జారి కలాన్ని కప్పేస్తే పైకి మడుచుకున్నాడు. రాయడానికి వంగి, ఆగి, తల ఎత్తాడు. బావని చూడలేదు, అధికారిని చూడలేదు.

"నేను రాయకపోతే... నిజంగా రాయిస్తావా అక్కా? నా మీద?"

ఆవిడ తమ్ముణ్ణి చూసింది, మొగుణ్ణి చూసింది. మొగుడి కాగితం పట్టుకున్న చెయ్యి మాత్రం వదులు కాలేదు.

ఐదుకి నాలుగు నిమిషాలుంది. స్టాంపు కోసం అధికారి సొరుగు తాళం తీశాడు.